చిన్న విచారణలో ఏడాది కార్యక్రమాల పట్టిక, వారం ప్రకటనలు: ఎలా తయారు చేయాలి

క్యాథలిక్ విచారణ (ఒక గురువు చూసుకునే స్థానిక క్రైస్తవ సమూహం) సలహా మండలిలోకి కొత్తగా వచ్చినవారు తరచూ ఒకే మాట అడుగుతారు: “పూజలో ప్రకటన చదువుతున్నాం, తలుపు దగ్గర కాగితం అంటిస్తున్నాం. అయినా ఎప్పుడూ వచ్చేవాళ్లే వస్తున్నారు. ఏం చేయాలి?” (పూజ అంటే గుడిలో గురువు జరిపే దివ్యబలి, మాస్.) పెద్ద విచారణల సంగతి వేరు. కొద్ది కుటుంబాలే ఉన్నచోట చిక్కు ప్రకటన కంటే ముందే, పట్టికలోనే మొదలవుతుంది. ఖాళీ కనిపించిన ప్రతి తేదీనీ ఏదో ఒక కార్యక్రమంతో నింపేస్తాం. దాన్ని మోసేవారు మాత్రం ఆ నలుగురే. పాటలు పాడేది వారే, కుర్చీలు వేసేది వారే, పిల్లలకు సత్యోపదేశం (మతబోధ) చెప్పేదీ, రోగులను చూసి వచ్చేదీ వారే. ఏడాది తిరిగేసరికి ఆ నలుగురూ అలసిపోతారు, మిగతావారు చూస్తూ ఉండటానికి అలవాటు పడతారు.

కాబట్టి ముందు కదపలేని తేదీలు రాయండి, తరవాత మనుషులను చూడండి. కొత్త ఆలోచనలు ఆ రెండూ అయ్యాకే.

కావలసినవి

- రానున్న ఏడాదికి మీ మేత్రాసనం (పీఠాధిపతి, అంటే బిషప్పు, పాలించే ప్రాంతం) ఆమోదించిన ఆరాధన క్యాలెండరు. గోడకు వేలాడే మామూలు క్యాలెండరు సరిపోదు.
- పూజ ఉద్దేశాల పుస్తకం. ఏ రోజు ఏ కుటుంబం పూజ అడిగిందో అందులో ఉంటుంది.
- జ్ఞానస్నాన, వివాహ, మరణ రిజిస్టర్ల నుంచి విచారణ గురువు ఇచ్చే వివరాలు: ఈ ఏడాది మొదటి సత్ప్రసాదానికి (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) సిద్ధం కావలసిన పిల్లలు, పెళ్లయి 25 లేదా 50 ఏళ్లు నిండుతున్న దంపతులు, గత నవంబరు తరవాత మరణించినవారు. రిజిస్టర్లు కార్యాలయం దాటి రాకూడదు. కావలసిన పేర్లు మాత్రమే రాసుకోండి.
- నిరుడు చదివిన ప్రకటనలు, ఎక్కడైనా రాసి పెట్టి ఉంటే.
- పెద్ద కాగితం, పెన్సిలు, రబ్బరు.
- కనీసం ముగ్గురు: విచారణ గురువు, విచారణలో చాలాకాలంగా ఉన్న ఒక పెద్ద, పాతికేళ్లలోపు యువతీయువకుల్లో ఒకరు.

మండలి ఇచ్చేది సలహా మాత్రమే, నిర్ణయం విచారణ గురువుది. శ్రీసభ (క్యాథలిక్ సంఘం) చట్టంలో 536వ నియమం చెప్పేది ఇదే. ఆయన లేకుండా పట్టిక పూర్తి చేసి సంతకానికి పంపితే సగం తేదీలు తిరిగి వస్తాయి.

ఆరాధన సంవత్సరం జనవరిలో మొదలు కాదు. నవంబరు 30కి దగ్గరగా వచ్చే ఆదివారం, అంటే ఆగమన కాలపు (క్రిస్మస్‌కు సిద్ధపడే నాలుగు ఆదివారాల కాలం) మొదటి ఆదివారంతో మొదలవుతుంది. 2026లో అది నవంబరు 29. ఈ పనికి అక్టోబరులోనే కూర్చోండి.

1. కదపలేని తేదీలు ముందు రాయండి

మొదట పాస్కా పండుగ (ఈస్టర్) తేదీ వేయండి. మార్చి 21న గాని ఆ తరవాత గాని వచ్చే పౌర్ణమి దాటిన మొదటి ఆదివారం ఈస్టర్. అందుకే అది మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య ఎక్కడైనా పడవచ్చు. చంద్రుణ్ని మీరు లెక్కపెట్టనక్కరలేదు, క్యాలెండరులో ఉంటుంది. 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28, 2028లో ఏప్రిల్ 16. నిరుటి పట్టికలో ఏడాది అంకె మాత్రమే మార్చి వాడుకుంటే ఎంత తేడా వస్తుందో ఈ మూడు తేదీలే చెబుతాయి.

దాన్నిబట్టి మిగతావి వేయండి. తపస్కాలం (ఈస్టర్‌కు ముందు ఉపవాస కాలం) మొదలయ్యే విభూది బుధవారం ఈస్టర్‌కు 46 రోజుల ముందు. తపస్కాలపు 40 రోజులకు ఆరు ఆదివారాలు కలిపితే 46. పెంతెకోస్తు (పవిత్రాత్మ రాకడ పండుగ) ఈస్టర్‌తో కలిపి లెక్కిస్తే 50వ రోజు. 2027లో విభూది బుధవారం ఫిబ్రవరి 10, మ్రానికొమ్మల ఆదివారం (ఈస్టర్‌కు ముందు ఆదివారం) మార్చి 21, పెంతెకోస్తు మే 16. రాసిన తరవాత వేళ్ల మీద ఒకసారి లెక్క సరిచూసుకోండి.

ఎక్కువమంది పొరబడేది స్థిరమైన తేదీలున్న పండుగల దగ్గర. మార్చి 25 మంగళవార్త (దేవదూత మరియమ్మకు యేసు జననం గురించి చెప్పిన) మహోత్సవం. 2027లో ఆ రోజు పవిత్ర గురువారం, అంటే ఈస్టర్‌కు ముందు గురువారం. కాబట్టి మంగళవార్త ఈస్టర్ అష్టదినాలు (ఈస్టర్ నుంచి ఎనిమిది రోజులు) దాటాక, ఏప్రిల్ 5 సోమవారానికి మారుతుంది. మార్చి 19 జోజప్పగారి (యేసు పెంపుడు తండ్రి యోసేపు) మహోత్సవం. 2028లో ఆ తేదీ తపస్కాలపు ఆదివారం అవుతుంది, కనుక పండుగ మరుసటి రోజు, మార్చి 20న. మీ విచారణకు పాలక పునీతుడు (గుడికి పేరున్న పునీతుడు) జోజప్పగారే అయి, 19నే అనుకుని పీఠాధిపతిని ఆహ్వానిస్తే, కరపత్రాలు అచ్చయిన తరవాత తేదీ మార్చుకోవలసి వస్తుంది. క్రీస్తు మోక్షారోహణం, క్రీస్తు శరీర రక్తముల మహోత్సవం కొన్ని దేశాల్లో గురువారం, కొన్ని దేశాల్లో ఆదివారం జరుపుతారు. మీ క్యాలెండరులో ఏది ఉంటే అదే రాయండి.

పవిత్ర గురువారం సాయంత్రం నుంచి ఈస్టర్ ఆదివారం వరకు మరే కార్యక్రమమూ పెట్టకండి. సమావేశం వద్దు, పోటీలు వద్దు. పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) పూజ ఉండదు, ప్రభువు శ్రమల ఆరాధన మాత్రమే. పాస్కా జాగరణ (ఈస్టర్ ముందు రాత్రి, కొత్త మంట రాజేసి మొదలుపెట్టే ఆరాధన) చీకటి పడ్డాకే మొదలు కావాలి, తెల్లవారకముందే ముగియాలి. “పిల్లలు నిద్రపోతారు, వెలుగుండగానే కానిద్దాం” అని ఎవరో ఒకరు అంటారు. వెలుగుండగా కొత్త మంట రాజేస్తే ఆ రాత్రికి అర్థమే లేదు. ఆ రోజు సూర్యాస్తమయం ఎప్పుడో చూసి, చీకటి పడటానికి సమయమిచ్చి వేళ నిర్ణయించండి. మరీ కొద్దిమందే ఉన్న సమూహమైతే పక్క విచారణతో కలిసి ఈ మూడు రోజులు జరుపుకోవచ్చు. 1988లో వాటికన్ ఆరాధన విభాగం ఇచ్చిన సూచనల్లోనూ చిన్న సమూహాలు ఇలా కలవడం మంచిదనే ఉంది.

2. విచారణ గురువు తేదీలు అడిగి రాసుకోండి

ఆయన ధ్యానాలకు వెళ్లే వారం, తైలాల ఆశీర్వాద పూజకు కెథెడ్రల్‌కు (పీఠాధిపతి గుడికి) వెళ్లే రోజు, ఇతర గుళ్లలో చేయవలసిన పూజలు, సెలవు. మామూలుగా గురువు రోజుకు ఒక్క పూజే చేయాలి. గురువులు చాలనిచోట పీఠాధిపతి అనుమతితో రెండు, ఆదివారాల్లో, తప్పనిసరి (విశ్వాసులంతా పూజకు రావలసిన) పండుగల్లో అవసరాన్నిబట్టి మూడు. ఈ సంగతి తెలియక “సాయంత్రం మా వీధిలో కూడా ఒక పూజ పెట్టండి, ఫాదర్” అని అడిగి, ఆయన కాదంటే బాధపడేవారున్నారు. గురువు లేని రోజున జపమాల, వాక్య పఠనం, సిలువ మార్గం పెట్టుకోవచ్చు. వాటిని ఉపదేశి (విచారణలో మతబోధ చేసేవారు) గాని, మఠకన్యలు గాని, సిద్ధపడిన విశ్వాసి ఎవరైనా గాని నడిపించవచ్చు.

భద్రమైన అభ్యంగనానికి (జ్ఞానస్నానం పొందినవారిని విశ్వాసంలో స్థిరపరచే సంస్కారం, కన్ఫర్మేషన్) పీఠాధిపతి రావాలంటే ఆ తేదీ ఏడాది ముందే అడగండి.

3. మనుషుల కాగితం వేయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడే. ఎడమ వైపు పనులు రాయండి: పఠనాలు చదవడం, పాటలు, పూజలో గురువుకు సహకరించే పిల్లలను సిద్ధం చేయడం, సత్యోపదేశం, దేవాలయం శుభ్రం, పీఠం అలంకరణ, రోగుల సందర్శన, కానుకల లెక్క, ప్రకటనలు. కుడి వైపు ప్రస్తుతం ఆ పని చేస్తున్నవారి పేర్లు. అంతా రాశాక, మూడుసార్లు కనిపించిన పేరు చుట్టూ గీత గీయండి.

ఆ గీతలే మీ విచారణ అసలు పరిస్థితి. వారి నుంచి ఒక్కో పని తగ్గించడం ఈ ఏడాది మొదటి కార్యక్రమంగా పెట్టుకోండి. ఇకపై ప్రతి కార్యక్రమం పక్కన రెండు పేర్లుండాలి: ముందుండి నడిపేవారు ఒకరు, వారికి ఒంట్లో బాగోకపోతే చూసుకునేవారు ఒకరు. రెండు పేర్లు దొరకలేదంటే ఆ కార్యక్రమాన్ని ఈ ఏడాదికి వదిలేయండి. ఎంత మంచిదైనా సరే. ఇది కఠినంగా కనిపిస్తుంది గాని, పేరు లేని కార్యక్రమం చివరికి గీతలున్న పేర్ల మీదే పడుతుంది.

కొత్తవారిని ఎలా పిలవాలి? “సేవ చేయాలనుకునేవారు ముందుకు రావాలి” అని మైకులో చెబితే దాదాపు ఎవరూ రారు. ఎవరూ తమను ఉద్దేశించే అన్నారని అనుకోరు. ఎదురుగా నిలబడి, పేరు పెట్టి, చిన్న పని, ముగిసే తేదీతో సహా అడగండి:

“అక్కా, ఆగమన కాలం నాలుగు ఆదివారాలు మాత్రమే. మొదటి పఠనం మీరు చదువుతారా? కాగితం వారం ముందే ఇస్తాను, ఒకసారి కలిసి చదువుకుందాం.”

కాదనడానికి కూడా వీలివ్వండి. ఈసారి కాదన్నవారిని మరో పనికి మళ్లీ అడగండి. గుడి దాకా రాలేని వృద్ధులను మరచిపోవద్దు. ఫోను చేసి పదిమందికి కబురు చెప్పగలవారు, ప్రార్థన కోరినవారి పేర్లు రోజూ తలచుకునేవారు వారిలో ఉంటారు. వారి పేర్లూ ఆ కాగితంలో ఉండాలి.

పాఠకుల పట్టిక వేసేటప్పుడు ఒక జాగ్రత్త. ఆదివారపు పఠనాలు మూడేళ్లకొకసారి తిరిగి వస్తాయి. 2026 నవంబరు 29 నుంచి నడిచేది రెండో సంవత్సరపు వరస. సువిశేషం ఎక్కువగా మార్కు నుంచి. నిరుటి కాగితాలు పంచితే పాఠకులు వేరే పఠనం సిద్ధం చేసుకుని వస్తారు.

4. అప్పుడు కార్యక్రమాలు ఎంచుకోండి

ఆదివారపు ఆరాధన, సత్యోపదేశం కాక నెలకు ఒక్కటి చాలు. ఆరాధన కాలంతో కలిసి వచ్చేవాటిని ముందు చూడండి, వాటికి విడిగా కారణం వెతకనక్కరలేదు.

ఆగమన కాలంలో పాపసంకీర్తనాలకు (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) పక్క విచారణ గురువును పిలవండి. రోజూ చూసే గురువు దగ్గరికి వెళ్లడానికి జంకేవారు అప్పుడు వస్తారు. క్రిస్మస్ నవదిన ప్రార్థనలు డిసెంబరు 16 నుంచి 24 వరకు, రోజుకొక ఇంట్లో జరపవచ్చు. తపస్కాలంలో శుక్రవారాల్లో సిలువ మార్గం. జులై నాలుగో ఆదివారం తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, వృద్ధుల దినం. 2027లో జులై 25న వస్తుంది. అక్టోబరు జపమాల మాసం. ఆ నెల చివరి నుంచి రెండో ఆదివారం వేదవ్యాపక ఆదివారం. ఆ రోజు కానుక ప్రపంచ వేదవ్యాపకానికి వెళుతుంది, విచారణ ఖర్చులకు కలపకూడదు. నవంబరు 2 మృతుల స్మరణ. నవంబరు 1 నుంచి 8 వరకు సమాధుల తోటను సందర్శించి మృతుల కోసం ప్రార్థించేవారు, మామూలు షరతులు (పాపసంకీర్తనం, సత్ప్రసాద స్వీకరణ వంటివి) పాటిస్తే, వారి పక్షాన పరిపూర్ణ పాపపరిహార ఫలం (పాపాలకు మిగిలిన శిక్ష పూర్తిగా తొలగడం) పొందవచ్చు. క్రీస్తురాజు పండుగకు (ఆరాధన సంవత్సరపు చివరి ఆదివారం) ముందు ఆదివారం పేదల దినం. 2017 నుంచి జరుగుతోంది.

వీటన్నిటినీ పెట్టమని చెప్పడం లేదు. ఇందులో నాలుగు బాగా జరిగినా చిన్న విచారణకు మంచి ఏడాదే.

5. పిల్లలున్న ప్రతి కార్యక్రమానికీ ఈ మూడు

తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి. ఒకరికొకరు బంధువులు కాని పెద్దలు కనీసం ఇద్దరు, అన్ని వేళలా. ఫోటోలు తీసి బయట పెట్టడానికి విడిగా అనుమతి. మీ మేత్రాసనంలో పిల్లల రక్షణ నియమావళి ఉంటే అది ముందు చదవండి, అందులో ఇంతకంటే ఎక్కువ అడిగితే అంతా పాటించండి. “మనవాళ్లే కదా” అనే మాట దగ్గర ఆగిపోవద్దు.

6. ప్రకటన రాయండి

పూజలో ప్రకటనలకు చోటు సత్ప్రసాద స్వీకరణానంతర ప్రార్థన తరవాత, చివరి ఆశీర్వాదానికి ముందు. అవసరమైతేనే, క్లుప్తంగా అని పూజ గ్రంథం నిర్దేశం. ప్రసంగం చివర కలపవద్దు. సత్ప్రసాదం తరవాతి మౌనాన్ని ప్రకటనతో చెరపడం ఇంకా పెద్ద పొరపాటు.

వారానికి మూడు సంగతులు, రెండు నిమిషాలు. మిగతాది కాగితం మీద.

ఇలాంటి ప్రకటన మీరు విని ఉంటారు:

“యువతకు ముఖ్య గమనిక. త్వరలో ఆగమన కాలం సందర్భంగా ప్రత్యేక కార్యక్రమం ఉంటుంది. అందరూ తప్పక హాజరై జయప్రదం చేయవలసిందిగా కోరుతున్నాము.”

ఎప్పుడు, ఎక్కడ, ఏమిటి అన్నది అందులో లేదు. పైగా పిలిచింది యువతనా, అందరినా? దాన్నే ఇలా రాయవచ్చు:

“నవంబరు 22, ఆదివారం. పూజ ముగిసిన వెంటనే, దేవాలయం పక్క గదిలో ఆగమన కాలపు దండ తయారు చేస్తాం. గంటసేపు పడుతుంది. పిల్లలు, పెద్దలు ఎవరైనా రావచ్చు. పచ్చని కొమ్మలు దొరికితే తీసుకురండి; మూడు ఊదా, ఒక గులాబీ రంగు కొవ్వొత్తులు సిద్ధంగా ఉన్నాయి. సందేహాలుంటే తలుపు దగ్గర నిలబడే ఫలానా వారిని అడగండి.”

“గంటసేపు” అన్న మాట తీసేయకండి. పసిపిల్లల తల్లి, పనికి వెళ్లవలసిన మనిషి రావాలో వద్దో తేల్చుకునేది ఆ మాటతోనే.

ఒకే ప్రకటనను మూడు ఆదివారాలు చదవండి, కాని ఒకేలా కాదు. మూడు వారాల ముందు తేదీ మాత్రం. రెండు వారాల ముందు ఏం తేవాలో. చివరి వారం మొత్తం.

చదవకూడనివి కొన్ని ఉన్నాయి: వారి అనుమతి లేకుండా రోగుల పేర్లు, జబ్బు వివరాలు, ఎవరు ఎంత కానుక ఇచ్చారన్నది, రానివారి మీద నిష్ఠూరం. ఎదురుగా కూర్చున్నది వచ్చినవారే, వారిని కోప్పడటం అన్యాయం.

7. రానివారికి కబురు అందించండి

ఆ ఆదివారం పూజకు రాని కుటుంబానికి మీ ప్రకటన పుట్టనే లేదు. విచారణను ఇళ్ల గుంపులుగా విడదీసి, గుంపుకొకరిని పెట్టండి. ఆ ఒక్కరు తన ఐదారు ఇళ్లకు శనివారంలోగా చెబితే చాలు.

ఫోనులో సందేశాల గుంపు ఉంటే రెండు నియమాలు పెట్టుకోండి. ప్రకటనలు వేసేది ఇద్దరే. కాగితం ఫోటో తీసి పెట్టడం కాకుండా, అక్షరాలుగా టైపు చేయాలి. చూపు మందగించినవారు అక్షరాలు పెద్దవి చేసుకోగలరు, ఫోనుతో చదివించుకోగలరు. ఫోను లేనివారికి కాగితం గాని, మనిషి గాని వెళ్లాలి. తలుపు దగ్గర కాగితం మీద తేదీ దాటినవి ప్రతి ఆదివారం తీసేయండి. గడిచిపోయిన సిలువ మార్గం ప్రకటన ఇంకా వేలాడుతుంటే, పక్కనే ఉన్న కొత్తదాన్నీ ఎవరూ చదవరు.

8. అందిందో లేదో చూసుకోండి

పూజ అయ్యాక, వెనక వరుసల్లో కూర్చున్న ముగ్గురిని మామూలుగా పలకరించి “వచ్చే ఆదివారం ఏముందో తెలుసా?” అని అడగండి. ఇద్దరు తేదీ, వేళ చెప్పగలిగితే ప్రకటన అందినట్టే. “ఏదో ఉందన్నారు” అంటే మళ్లీ రాయండి.

కార్యక్రమం రోజున మొత్తం తలలు లెక్కపెట్టకండి. గత మూడు కార్యక్రమాల్లో కనిపించని ముఖాలు ఎన్ని వచ్చాయో చూడండి. ముప్పైమంది పాతవారే వచ్చినదానికంటే, పదిహేనుమందిలో నలుగురు కొత్తవారున్నది బాగా జరిగినట్టు. వచ్చిన కొత్తవారితో ఎవరో ఒకరు మాట్లాడారా? గుమ్మం దాకా వచ్చి, పలకరించేవారు లేక తిరిగి వెళ్లినవారున్నారా?

ఆ వారంలోనే నడిపినవారితో పావుగంట కూర్చోండి. ముందుగా “మీకు భారమైందా?” అని అడగండి. జవాబును, పనికివచ్చినదాన్ని, రానిదాన్ని నోటు పుస్తకంలో రాయండి. వచ్చే అక్టోబరులో పట్టిక వేసేవారు మీరు కాకపోవచ్చు.

9. మధ్యలో మరణం సంభవిస్తే

చిన్న విచారణలో ఒక ఇంట్లో మరణం అంటే అందరి ఇంట్లోనూ. అనుకున్న కార్యక్రమాన్ని వెంటనే ఆపండి, మండలి అనుమతి కోసం ఎదురుచూడొద్దు. భూస్థాపన వేళ గురువుతో మాట్లాడి ఖాయం చేయండి. పవిత్ర గురువారం నుంచి మూడు రోజులు, ఆగమన, తపస్, పాస్కా కాలాల ఆదివారాల్లో, తప్పనిసరి మహోత్సవాల్లో మృతుల పూజ చేయడానికి వీలుండదు. ఆ రోజుల్లో పూజ లేకుండా ప్రార్థనలతో భూస్థాపన జరిపి, పూజను తరవాతి రోజుల్లో పెట్టుకుంటారు. ఈ సంగతి కుటుంబానికి గురువు గాని, వారికి దగ్గరి పెద్ద గాని ఇంటికి వెళ్లి నెమ్మదిగా చెప్పాలి. ఫోనులో సందేశం పంపకూడదు.

ఆపిన కార్యక్రమం కబురు, పిలుపు ఏ దారుల్లో వెళ్లిందో ఆ దారులన్నిటిలోనూ అదే రోజు వెళ్లాలి. కొత్త తేదీ తేలేదాకా “త్వరలో” అని రాయవద్దు. “ఆదివారం సాయంత్రం జరగవలసిన జపమాల ఊరేగింపు ఆగింది. కొత్త తేదీ వచ్చే ఆదివారం పూజలో చెబుతాం” అని రాసి, ఆ ఆదివారం తప్పకుండా చెప్పండి.